పెద్ద చేప పడితే: పినపాక ఒడ్డున తరచూ అడిగే ప్రశ్నలు

కొమ్ము కోనం మన గోదావరిలో దొరుకుతుందా?

దొరకదు. ఫోన్లో వీడియోలు చూసి ఏడూళ్ల బయ్యారం పిల్లలు ఈ మాట అడుగుతూనే ఉంటారు. కొమ్ము కోనం, దాని దూరపు చుట్టం కత్తిచేప, రెండూ ఉప్పునీటివే. కత్తిచేప ముక్కు చదునుగా ఉంటుంది, కొమ్ము కోనానిది గుండ్రటి ములుకు. కత్తిచేప కోసం నడిసముద్రంలో రాత్రిపూట కిలోమీటర్ల పొడవు తాడుకు వందల గాలాలు కట్టి వదులుతారు. కొమ్ము కోనాన్ని మన తీరంలో చిన్న పడవల వాళ్లు గాలమేసి చేత్తోనే లాగుతారు. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడకకు చెందిన మత్స్యకారుణ్ణి గాలానికి చిక్కిన కొమ్ము కోనం తాడుతో సహా సముద్రంలోకి లాక్కుపోయింది.

మనకు పెద్ద చేపంటే వాలుగే కదా. దాన్ని లాగడానికి పద్ధతి ఏంటి?

మొదటి మాట: తాడు చేతికి చుట్టుకోవద్దు. ఒక పెద్దాయన తాడును పడవ అంచు మీదుగా వదలడం చూశాను. ఒరిసి ఒరిసి ఆ చెక్క మీద వేలు పట్టేంత గాడి పడింది. ఆ గాడే ఆయన అరచేతిని కాపాడింది.

వాలుగకు పొలుసుండదు, ఒళ్లంతా జిగురు. నోరు కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది, లోపల సన్నటి పళ్లు బరకగా తగులుతాయి. గాలం మింగగానే లోతుకు దిగుతుంది. వదులుతూ బిగిస్తూ అలిసేదాకా ఆడించి, ఇసుక మీదికి తెచ్చాకే చెయ్యి వెయ్యాలి. నోట్లో వేళ్లు పెట్టొద్దు.

ఈ చేప తగ్గిపోతోంది. ప్రపంచ ఎర్ర జాబితాలో కూడా ముప్పు ఉన్న వాటిలో చేర్చారు. తొలి వరదల్లో గుడ్లతో ఎదురెక్కే తల్లి చేపను వదిలేయమని నేను ప్రతి గూడెంలోనూ అడుగుతాను.

తూటా వేస్తే? మందు కలిపితే? కరెంటు పెడితే?

మూడూ నేరాలే. అనుమతి లేని పేలుడు పదార్థం చేతిలో ఉంటేనే 1908 నాటి చట్టం కింద జైలుకు పంపొచ్చు. తీగకు కొక్కెం తగిలిస్తే 2003 విద్యుత్ చట్టం కింద అది దొంగతనం. తూటా దెబ్బకు పిల్ల చేప కూడా పోతుంది, సగం చేపలు అడుక్కి మునిగి చేతికే రావు. మందు కలిసిన మడుగులో మర్నాడు పశువులు నీళ్లు తాగుతాయి. వల వేసేవాడి కష్టం తెలిసినవాళ్లెవరూ ఈ పని చెయ్యకూడదు.

అడవిలోని వాగులో వల వేస్తే ఆపుతున్నారు. మాకు హక్కు లేదా?

ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 3(1)(డి) చదవండి. చేపలు, నీటి వనరుల్లోని ఇతర ఉత్పత్తులు ఊరి ఉమ్మడి హక్కు అని అందులో రాసి ఉంది. పట్టా అంటే పోడు భూమికే అని మన మనసులో పడిపోయింది, అందుకే ఈ హక్కును అడగడం మర్చిపోతున్నాం.

ఊరంతా కలిసి ఫారం-బి నింపి గ్రామసభకు ఇవ్వాలి. ఆధారాలు రెండు రకాలు కావాలి. దరఖాస్తు పెట్టని పెద్దవాళ్లు చెప్పిన మాటను కాగితం మీద రాస్తే అదొక ఆధారంగా చెల్లుతుంది. మీ తాతలు వాడిన మడుగు పేరు, రేవు, మావులు పెట్టిన చోటు అన్నీ రాయించండి. గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లోగా సబ్ డివిజన్ కమిటీకి వెళ్లొచ్చు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం చెప్పి తీరాలి. నోటిమాటతో తిప్పి పంపితే ఒప్పుకోవద్దు.

ఈ హక్కు అటవీ భూమి పరిధిలోని నీళ్లకే. ఊరి చెరువులకు మత్స్యశాఖ, సహకార సంఘాల పద్ధతి వేరు. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల నిర్వహణను 1996 పెసా చట్టం పంచాయతీలకు అప్పజెప్పింది, ఆ సంగతి కూడా సభలో ఎత్తండి.

మేం ఆదివాసీలం కాదు. మాకు వర్తిస్తుందా?

2005 డిసెంబరు 13 నాటికి 75 ఏళ్లుగా ఆ అడవిలో ఉంటూ, దాని మీదే బతుకుతున్నట్టు చూపగలిగితే వర్తిస్తుంది.

కిన్నెరసానిలో?

అది అభయారణ్యం. అక్కడ మందులు, పేలుడు పదార్థాలు వాడటం వన్యప్రాణి చట్టం ప్రకారం కూడా నేరం. అటవీ హక్కుల చట్టం మాత్రం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. ఎక్కడైనా సరే, వలలో తాబేలో, నీటికుక్కో, మొసలిపిల్లో పడితే వల కోసైనా వదిలేయాలి.

వేటలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు ఏమొస్తుంది?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల దాకా. సముద్రం వాళ్లకే కాదు, నదుల్లో వేటాడేవాళ్లకూ వస్తుంది, 18 నుంచి 70 ఏళ్ల వరకు. కాకపోతే ముందే పేరు నమోదై ఉండాలి. ఇంట్లో వేటకెళ్లే మనిషి పేరు జాబితాలో ఉందో లేదో ఈ వారమే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.