గరుసు గుట్టలపై మేత: అమెరికా పడమటి కొండల పాఠము

గొఱ్ఱెలు గల మన సభ్యులు తఱచుగా మమ్ము నడుగు ప్రశ్న యొకటి కలదు. "గుట్టమీది గరుసునేలకు ఎరువు వేయలేము, నీరు పెట్టలేము, ఇక దానిని బాగుచేయు టెట్లు?" అని. దీనికి ప్రత్యుత్తరముగా ఈ మాసము దూరదేశపు నేల నొకదానిని గూర్చి వ్రాయుచున్నాము.

అమెరికా పడమటి భాగమున నెవడా, యూటా రాష్ట్రములలో వ్యాపించిన యొక మెట్టప్రదేశమునకు గ్రేట్ బేసిన్ అని పేరు. అక్కడి నీరు ఏ సముద్రమును చేరదు. పసిఫిక్ సముద్రము నుండి వచ్చు మేఘములను సియెర్రా నెవడా పర్వతములు అడ్డుకొనుటచే ఆవలి పార్శ్వ మెండి యున్నది. పడమటి కనుమల వెనుకనున్న అనంతపురము ప్రాంతము వానకు మొగము వాచి యుండుటకును కారణ మిట్టిదే. అయితే మన కేడాదికి సుమారు 22 అంగుళములు కురియగా, అక్కడి చిన్న గుట్టలపై 8 మొదలు 12 అంగుళములే. అందును పెద్దభాగము చలికాలమున మంచుగా పడును.

ఆ గుట్టల నెత్తిన గడ్డపాఱ వేసినచో 20 అంగుళముల లోపలనే బండ తగులును. ఆ కొద్దిపాటి మంటిలోనైనను సగము గరుసే. నిలువ యుండు నీటిని లెక్కించి చూడుడు. మంచి గరపమన్ను అడుగు లోతునకు సుమారు 2 అంగుళముల నీటిని పైరునకై పట్టి యుంచును. అయిదడుగుల లోతుగల నేలలో 10 అంగుళముల నీరు దాగి యుండును. ఒకటిన్నర యడుగు లోతై, సగము రాయి యైన నేలలోనో, ఒకటిన్నర యంగుళము మాత్రమే. ఆ గుట్టపై బ్రతుకు గడ్డికి చేతిలోనున్న మూలధన మంతయు నింతే.

అట్లని గరుసును తిట్టరాదు. పైనున్న రాయి వానచినుకు దెబ్బను తాను కాచుకొనును, పాఱు నీటిని నిలుపును, సన్నపు మంటిని గాలికి ఎగిరిపోనీయదు, ఎండకు తేమ నారనీయదు. మేము కొలువున చేరిన తొలియేండ్లలో ఈ సంగతి తెలియక ఒక గుట్టవార చేనిలోని రాళ్లన్నియు నేరించి గట్టున పోయించితిమి. చేను చూచుటకు ముచ్చటగా నుండెను. మొదటి గట్టివానకే పైమన్ను పెచ్చుగట్టి విత్తు సగము మొలవలేదు. వాలునవెంట జానెడు లోతు గాళ్లు పడెను. చేనుగల పెద్దాయన మమ్ము ఒక్కమాట యనలేదు. మఱుసటి యేడు మాకు చెప్పకయే గంపలతో చిన్నరాళ్లను తిరిగి చేనిలో చల్లించెను. మా చదువునకు అదియొక పరీక్ష; అందు మేము తప్పితిమి.

మరల గ్రేట్ బేసిన్‌కు పోదము. చలికాలమున అక్కడి నేలలో నీరుండును, వేడి యుండదు. నడివేసవిలో వేడి యుండును, నీరుండదు. ఈ రెండును కలిసియుండు కాలము ఏప్రిలు మొదలు జూను వఱకు కొన్ని వారములే. ఆ వారములలో దుబ్బుగడ్డి తన వేళ్లయందును మొదటియందును దాచిన ఆహారమును వెచ్చించి ఆకు తొడిగి వెన్ను తీయును. ఆ సమయమున పశువు కొఱికినచో తిరిగి చిగిర్చుటకు నీరు మిగులదు. రెండు మూడేండ్లు వరుసగా నిట్లు జరిగినచో వేరు కృశించి దుబ్బు చచ్చును. ఆకలిగొన్న మంద మొదట నోరుపెట్టునది లేతగడ్డికే గదా.

1860 తరువాత అక్కడ జరిగిన దిదియే. లెక్కకు మిక్కిలిగా ఆవులను, గొఱ్ఱెలను కొండలపైకి తోలిరి. గడ్డి పోయిన చోట సేజ్‌బ్రష్ అను పొద మిగిలెను. అది మన మాచిపత్రికి జ్ఞాతి. పొదల నడుమ ఖాళీనేలను చీట్‌గ్రాస్ అను పరదేశపు ఏకవార్షికపు గడ్డి ఆక్రమించెను. అది వేసవి మొదటనే యెండి నిప్పునకు సిద్ధముగా నుండును. కాలిన సేజ్‌బ్రష్ వేరునుండి తిరిగి చిగుర్చదు. చీట్‌గ్రాస్ మాత్రము మఱింత దట్టముగా వచ్చును. 1934లో టేయ్లర్ మేత చట్టము చేసి ప్రభుత్వభూములలో మందలకు హద్దు విధించిరి గాని, చీట్‌గ్రాస్ పట్టిన భూములు నేటికిని పూర్వస్థితికి రాలేదు.

నివారణోపాయమును చూపినవాడు ఆర్థర్ శాంప్సన్. ఓరిగాన్ రాష్ట్రపు వల్లోవా కొండలలో 1907 మొదలు గడ్డి పెరుగుదలను పరిశీలించిన యీతడు, 1912లో యూటాయందు స్థాపింపబడిన మేత పరిశోధన కేంద్రమునకు తొలి యధికారి. ఆయన పద్ధతి మంద నెల్లకాలము వెలివేయునది కాదు. మేతభూమిని భాగములు చేసి, ఒక భాగమున గింజ రాలువఱకు మందను రానీయరు. గింజ రాలిన పిదప తోలుదురు. డెక్కల క్రింద గింజ మంటిలో దిగును. ఆ భాగమునకే రెండవ యేడును అట్లే విరామమిచ్చి, మొలకలు నిలదొక్కుకొనిన తరువాత మఱియొక భాగమునకు వంతు వచ్చును. ఖర్చు లేని పద్ధతి. ఓర్పు మాత్రము కావలయును.

మన గుట్టలపై మంచు లేదు. నీరును వేడియు వానకాలమున నొక్కసారియే వచ్చును. కావున ఆ దేశపు నెలలను మనము అనుకరింపరాదు. అనుకరింపవలసినది గడ్డి యదను. తొలకరికి పచ్చబడినది మొదలు గింజ రాలువఱకు గుట్టలో మూడవవంతైనను మూయవలయును. ముందు మీ గుట్టను మీరే కొలుచుకొనుడు. నాలుగుచోట్ల త్రవ్వి లోతు చూడుడు. త్రవ్విన మంటిని జల్లించి, మిగిలిన రాళ్లను నిండుకుండలో వేసి, పొర్లిన నీటిని కొలిచినచో రాతిభాగ మెంతయో తెలియును. ఎక్కువ పలుచనైన భాగమునకే మొదటి విరామ మీయుడు.

చిక్కంతయు ఒక్కచోట నున్నది. వేసవిలో నెమ్ములు తేలిన మందను, కన్నుల యెదుట పచ్చగడ్డి కనబడుచుండగా, కాపరి ఎట్లు ఆపగలడు? ఆపు మనుట మాకు సులువు; ఆపుట యతనికి కష్టము. అందుచేత ఈ పని ఒంటరి కాపరిది కాదు, సంఘమునది. నూర్పిళ్ల కాలమున వేరుసెనగ కట్టె చౌకగా దొరకునప్పుడు సంఘము సొమ్ముతో కొని వామివేసి, తొలకరి నెలలో సభ్యులకు మంద లెక్కను అప్పుగా నిచ్చి, గొఱ్ఱెలమ్మినప్పుడు రాబట్టుకొనవలయును. ఏ సంఘమైనను ఇట్టి తీర్మానము చేసినచో, గుట్టను భాగములుగా గుర్తించుటకు మేమే గడ్డపాఱతో వచ్చెదము.