లారీలు తిరగని దారులు – సైకిల్ తొక్కే విద్యార్థికి ఒక పాఠం

(ఒక పూర్వ విద్యార్థి, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. నేను చెప్పేది భూగోళం. అందుకని మన కాళ్ల కింద ఉన్న భూగోళం గురించే రాస్తున్నాను. ముందుగా ఒక సంగతి చెప్పాలి.

నేను ఇక్కడ పదో తరగతి చదువుతున్నప్పుడు సంక్రాంతి సెలవులకు నా మిత్రుడొకడు సైకిల్ మీద ఇంటికి బయలుదేరాడు. బస్సు చార్జీ మిగిలితే అమ్మకు గాజులు కొనాలని వాడి ఆశ. క్యారియర్ మీద ట్రంకుపెట్టె కట్టుకున్నాడు. హైవే మీద పెద్ద లారీ ఒకటి పక్క నుంచి దూసుకుపోయింది. ఆ గాలికి పెట్టె ఒరిగింది, సైకిల్ అదుపు తప్పింది. వెనక వస్తున్న ఇంకో బండి వాడి కాలి మీదుగా పోయింది. ప్రాణం దక్కింది గానీ ఆ మార్చిలో పరీక్ష రాయలేదు. ఆ తర్వాత బడి ముఖమే చూడలేదు.

ఆసుపత్రిలో వాడి తాత మంచం పక్కన కూర్చొని అడిగిన మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "ఏటిగట్టు మింద డొంక ఉండంగా రోడ్డుకెందుకు పొయినావురా అబ్బయ్యా?" వాడన్నాడు: "నాకు ఆ దారి తెలీదు తాతా."

మాకు నైలు నది పొడవు తెలుసు. అమెజాన్ ఏ దేశంలో ఉందో తెలుసు. మన ఊరి డొంక ఎటు పోతుందో తెలియదు. ఈ పాఠం ఆ లోటు తీర్చడానికే.

1. ఏవి ఈ దారులు?

మోటారు బండ్లు పెద్దగా తిరగని మట్టి, గ్రావెల్ దారులు మన పల్లెల్లో నాలుగు రకాలు.

(అ) డొంక: ఎడ్లబండ్లు, పశువులు పోవడానికి పొలాల మధ్య వదిలిన దారి. రెవెన్యూ లెక్కల్లో ఇది పోరంబోకు, అంటే ఏ ఒక్కరి సొంతమూ కాని భూమి.
(ఆ) చెరువుకట్ట: నీటిని నిలిపే కట్టే దారిగా కూడా ఉపయోగపడుతుంది. ఎత్తు మీద ఉంటుంది కాబట్టి చుట్టూ పది ఊళ్లు కనిపిస్తాయి.
(ఇ) పొర్లుకట్ట: వరద పొలాల మీదికి రాకుండా ఏటి ఒడ్డున వేసిన కట్ట.
(ఈ) కాలువగట్టు: కాలువను చూసుకోవడానికి ఇంజనీర్లు, లస్కర్లు తిరిగే బాట.

ఇవేవీ సైకిళ్ల కోసం వేసినవి కావు. ఏటికీ, చెరువుకూ, ఎద్దుకూ వేసినవి. వాలు తక్కువ, బండ్లు తక్కువ, చెట్ల నీడ అక్కడక్కడా దొరుకుతుంది. సైకిల్‌కు కావలసింది కూడా ఇదే.

2. మన ప్రాంతపు పటం

నాయుడుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. జిల్లా మారినా ఏరు మారలేదు, కొండ మారలేదు. మన ఊరు స్వర్ణముఖి ఒడ్డున ఉంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన ఈ ఏరు తిరుచానూరు, శ్రీకాళహస్తి మీదుగా మన దగ్గరికి వచ్చి, తూర్పున వాకాడు వైపు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. పొడవు సుమారు 130 కిలోమీటర్లు. ఇది వానల ఏరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక్కసారిగా పొంగుతుంది.

దక్షిణాన దొరవారిసత్రం మండలంలో నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉంది. 1976లో ఏర్పడింది. అక్కడి చెరువులో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఆ ఊరి రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. చెరువుకట్ట విలువ తెలిసిన ఊరు అది. అక్కడికి పోతే అటవీశాఖ వారు చెప్పిన చోట సైకిల్ ఆపి, నడిచి చూడాలి. గంట కొట్టకూడదు.

పడమరన వెంకటగిరి వైపు వెలికొండలు. ఆ వైపున తెలుగు గంగ కాలువ పోతుంది. చెన్నై నగరానికి తాగునీరు ఇవ్వడానికి 1983లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. 1996లో మొదటిసారి నీళ్లు వదిలారు. కండలేరు జలాశయం నుంచి తమిళనాడు సరిహద్దు దాకా మన రాష్ట్రంలో ఈ కాలువ 152 కిలోమీటర్లు. ఏరు, కొండ, చెరువు – మూడూ చూపించే కాలువ ఇది. అయితే కాలువగట్టు నీటిపారుదల శాఖది. అడిగి వెళ్లాలి. సిమెంటు లైనింగు వేసిన కాలువలోకి జారితే పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. అందుకని నీళ్ల అంచుకు పోరాదు, ఈతకు దిగరాదు.

3. హైవే ఎందుకు వద్దు?

నాయుడుపేట దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి చెన్నై–కోల్‌కతా రహదారి. మనం ఐదో నంబరు అని నేర్చుకున్నది, ఇప్పుడు 16. రెండోది తిరుపతి, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే 71.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే పోయారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతం మాత్రమే. నూటికి రెండు వంతుల రోడ్డు మీద నూటికి ముప్పై ఆరు చావులు!

కారణం మీ భౌతిక శాస్త్రంలోనే ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోగానే బండి అంత దూరం వచ్చేస్తుంది. వేగం రెండింతలైతే గతిశక్తి నాలుగింతలు. కాబట్టి బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం కూడా నాలుగింతలు. మీ సైకిల్ వేగం గంటకు 12 కిలోమీటర్లు. ఈ రెండూ ఒకే వరుసలో పోవడం న్యాయం కాదు.

4. మన సైకిల్ చాలా?

విదేశాల్లో ఇలాంటి దారుల కోసమే ప్రత్యేకమైన 'గ్రావెల్ సైకిల్' అమ్ముతారు. దాని టైరు వెడల్పు సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్లు. మన నల్ల సైకిల్ టైరు మీద 28 x 1½ అని ఉంటుంది, చూడండి. ఒకటిన్నర అంగుళమంటే దాదాపు 38 మిల్లీమీటర్లు. అంటే మన నాయన పాలక్యాను తగిలించుకొని తిరిగిన సైకిలే గ్రావెల్ సైకిల్! మట్టి రోడ్ల కాలంలో తయారైన సైకిల్ అది.

తొక్కేటప్పుడు గుర్తుంచుకోవలసినవి:

• గాలి రాయిలా బిగించవద్దు. కొంచెం మెత్తగా ఉంటే గులకరాళ్ల మీద ఎగరదు. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి చిరుగుతుంది.
• ఎర్ర గ్రావెల్‌లో బంకమన్ను పాలు ఉంటుంది. ఎండలో గట్టిగా పట్టు ఇస్తుంది, వానలో జారుతుంది. నల్లరేగడి తడిస్తే మడ్‌గార్డులో ఇరుక్కొని చక్రం తిరగనివ్వదు. వాన పడిన మర్నాడు ఆగడం మేలు.
• మలుపులో ముందు బ్రేకు ఒక్కటే పట్టవద్దు. మలుపుకు ముందే వేగం తగ్గించాలి.
• ఇసుక వస్తే దిగి నడిపించాలి. అందులో సిగ్గేమీ లేదు.
• సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ట్యూబుకు శత్రువులు. సొల్యూషన్, ప్యాచీలు, గాలి పంపు ఇద్దరికి ఒకటైనా ఉండాలి.
• చప్టా మీద నీరు పారుతుంటే దాటవద్దు. మోకాటి లోతు పరుగు నీరు మనిషిని పడేస్తుంది. 2021 నవంబరు వానలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను మన ప్రాంతానికి నేర్పిన పాఠం ఇదే.
• ఒంటరిగా పోవద్దు. ఏ దారిన పోతున్నారో వార్డెన్ గారికి చెప్పి బయలుదేరండి. చీకటి పడకముందే చేరాలి.

సైకిల్ అంటే చిన్నచూపు వద్దు. ఒకే దూరం పోవడానికి నడకకు పట్టే శక్తిలో సైకిల్‌కు దాదాపు ఐదో వంతు చాలు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ ఇచ్చే పథకం పెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ దాన్ని పరిశీలించారు. హైస్కూల్లో ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఈ మేలు ఎక్కువగా కనిపించింది బడి 3 కిలోమీటర్లకు మించి దూరం ఉన్న ఊళ్లలోనే. మనలాంటి వాళ్ల ఊళ్లన్నమాట.

5. దారిని కాపాడుకున్న ఒక కథ

అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా పోటోమాక్ నది పక్కన పాత కాలువ ఒకటి ఉంది. కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ పడవలను తాళ్లతో లాగేవి. 1924లో పడవలు ఆగిపోయాయి. తర్వాత ఆ గట్టు పొడవునా మోటారు రోడ్డు వేయాలన్న ఆలోచన వచ్చింది. వాషింగ్టన్‌లోని ఒక పెద్ద పత్రిక దాన్ని సమర్థించింది. అప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్, నాతో ఆ దారిన నడిచి చూసి తర్వాత రాయండని ఆ పత్రిక వాళ్లను పిలిచాడు. 1954 మార్చిలో వాళ్లు నడిచారు. మొత్తం దూరం పూర్తిచేసినవారు డగ్లస్‌తో కలిపి తొమ్మిది మందే. అయినా దేశం ఆ దారి వైపు చూసింది. 1971లో అది జాతీయ చారిత్రక ఉద్యానవనమైంది. ఇప్పుడు ఆ గట్టు మీద సుమారు 297 కిలోమీటర్లు మోటారు బండ్లు లేకుండా సైకిల్ తొక్కవచ్చు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒక్కటే. నడిచేవాళ్లు ఉన్నంతకాలమే దారి బతుకుతుంది.

6. మన డొంక ఏమైంది?

మిత్రుడి తాత చెప్పిన ఆ డొంకను నేను ఆ వేసవిలో ఆయన వెంట నడిచి చూశాను. రెండు పక్కలా తాటిచెట్లు, రెండు ఎడ్లబండ్లు తప్పుకునేంత వెడల్పు. పోయిన ఏడాది మళ్లీ వెళ్లాను. ఒకచోట కంచె లోపలికి పోయింది, ఒకచోట గట్టు తవ్వి గ్రావెల్ ఎత్తుకుపోయారు. మిగిలినచోట కంప మూసేసింది. ఎద్దులు పోయాయి, మనం రాలేదు. ఎవరూ నడవని దారి ఎవరిదో ఒకరిది అయిపోతుంది.

చట్టం మన పక్షానే ఉంది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి గ్రామానికి అప్పగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. కానీ కోర్టుకు మన డొంక ఎక్కడుందో తెలియదు. అది చెప్పవలసింది మనమే.

7. సెలవుల్లో చేయవలసిన పని

1) మీ ఊరి గ్రామ పటం సచివాలయంలోనో తహశీల్దారు కార్యాలయంలోనో అడిగి చూడండి. డొంకలు, చెరువుకట్టలు నోటుబుక్కులో దించుకోండి.
2) ఇంట్లో తాతనో అవ్వనో కూర్చోబెట్టి, బస్సు రాకముందు ఎటు నడిచారో అడగండి.
3) పగటిపూట ఇద్దరు ముగ్గురు కలిసి ఆ దారిన పోయి, ఎక్కడ బాగుంది, ఎక్కడ తెగింది, ఎక్కడ చప్టా ఉంది గుర్తు పెట్టండి.
4) అన్ని ఊళ్ల పటాలు కలిపి ఒక పెద్ద చార్టు చేసి హాస్టల్ వరండాలో తగిలించండి. తెగినచోట్లు రాసి గ్రామసభలో పెద్దల చేత అర్జీ పెట్టించండి.

తమ్ముళ్లారా, వచ్చే ఏడు కొత్తగా చేరే పిల్లవాడు సైకిల్ మీద పెట్టె కట్టుకొని ఇంటికి బయలుదేరుతాడు. ఆ చార్టు ముందు ఒక నిమిషం నిలబడి దారి చూసుకొని పోవాలి. "నాకు ఆ దారి తెలీదు" అన్న మాట మన హాస్టల్ పిల్లల్లో ఇంకెవరూ ఆసుపత్రి మంచం మీద అనకూడదు.

అభ్యాసం
1. డొంకకు, పొర్లుకట్టకు తేడా ఏమిటి? మీ ఊళ్లో ఒక్కొక్కదానికి ఉదాహరణ రాయండి.
2. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు వేశాక ఆగే దూరంతో పోలిస్తే, 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆగే దూరం ఎన్ని రెట్లు? ఎందుకు?
3. హాస్టల్ నుంచి మీ ఇంటికి హైవే ఎక్కకుండా దారి గీయండి. ఎక్కక తప్పనిచోట ఎంత దూరమో రాయండి.