రాగి తీగ సాక్ష్యము
(ఇంటి బ్రాడ్‌బ్యాండు దోషములను కనుగొను విధానము)

ఇంటి టెలిఫోను తీగ మీదుగా వచ్చు బ్రాడ్‌బ్యాండు గంటకు నాలుగు మారులు తెగిపోవుచున్నదని మాతో మొరపెట్టుకొను విద్యార్థులు కొన్ని సంవత్సరముల క్రితము వరకు ప్రతి తరగతిలోను ఉండెడివారు. ఇప్పుడు పట్టణములలో ఫైబరు వచ్చి రాగి తీగను చాల వరకు తొలగించినది. అయినను ఆ తీగ నేర్పిన పాఠము పాతబడలేదు. భౌతికశాస్త్రము చదువు విద్యార్థికి ఇంటి గోడ మీదనే ఇంత చక్కని ప్రయోగశాల మరియొకటి దొరకదు. ఆ తీగ ఎట్లు పనిచేయునో, చెడినపుడు దోషము ఎచ్చట నున్నదో ఎట్లు తెలిసికొనవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. నడుమ కర్నూలు పాతబస్తీలోని ఒక ఇంటి సంగతి వచ్చును. అందులో మా పొరపాటు కూడ కొంత కలదు.

మనుష్యుని మాటను చేరవేయుటకు టెలిఫోనుకు 300 నుండి 3400 హెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యములు చాలును. రాగి తీగ అంతకు కొన్ని వందల రెట్లు ఎక్కువ పౌనఃపున్యములను మోయగలదు. ఆ మిగిలిన భాగము చాలకాలము వృథాగా పడియుండెను. 1980వ దశకపు చివరి భాగమున అమెరికాలోని బెల్‌కోర్ సంస్థకు చెందిన జోసెఫ్ లెక్లైడర్, గృహస్థునకు దిగివచ్చు సమాచారము ఎక్కువ, అతని ఇంటినుండి పైకి పోవునది తక్కువ కనుక మార్గమును సమముగా పంచనక్కరలేదని సూచించెను. ఆ అసమానపు పంపకమే ఏడీఎస్ఎల్ అను పేరులోని మొదటి అక్షరమునకు అర్థము. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ సియోఫీ, ఆ మార్గమును అనేకమైన సన్నని పాయలుగా చీల్చి వాడు పద్ధతిని వృద్ధిపరచెను. 1999లో స్థిరపడిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము మాటకు పైన కొంత ఎడము విడిచి, సుమారు 25 నుండి 138 కిలోహెర్ట్జ్ వరకు పైకి పోవు సమాచారమునకు, అచ్చటి నుండి 1104 కిలోహెర్ట్జ్ వరకు దిగివచ్చు సమాచారమునకు కేటాయించిరి. 2003లో వచ్చిన తరువాతి రూపము 2200 కిలోహెర్ట్జ్ వరకు సాగినది.

ఈ మార్గము మొదటి ప్రమాణములో 256 పాయలుగా విభజింపబడినది. ఒక్కొక్క పాయ వెడల్పు 4.3125 కిలోహెర్ట్జ్. ఆదోని పత్తి మార్కెట్టును చూచినవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. 256 మంది హమాలీలు వరుసగా నిలిచియున్నారనుకొనుడు. మేస్త్రీ ఒక్కొక్కనిని పరీక్షించి, బలవంతునకు పెద్ద మూట, బలహీనునకు చిన్న మూట ఎత్తును, కుంటువానిని కూర్చుండబెట్టును. మోడెము వెలిగించిన తరువాత దీపము కొంతసేపు మినుకుమినుకుమనుట ఈ పరీక్షయే. దీపము నిలుకడగా వెలిగినదనగా మూటలెత్తుట ముగిసినదని అర్థము. పిమ్మట దారిలో ఒకరిద్దరు తడబడినచో వారి బరువును ఇతరులకు సర్దవచ్చును. ఒక్కసారిగా పలువురు కూలబడినచో మేస్త్రీ అందరిని నిలిపివేసి, మరల మొదటి నుండి పరీక్షింపవలసినదే. మనము "నెట్ పోయింది" అనునది ఆ క్షణమునే.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. దీపము నిలుకడగా ఉండి పేజీలు మాత్రము మెల్లగా వచ్చుచున్నచో మూటలు మోయువారు బాగుగనే ఉన్నారు. రద్దీ ఎక్స్ఛేంజికి అవతల నున్నది. దానికి ఇంటిలో చికిత్స లేదు. దీపమే మినుకుమనుచున్నచో దోషము తీగలోనో, తీగకు తగిలించిన వస్తువులలోనో ఉండును. ఈ ఒక్క ప్రశ్న వేసికొనక మోడెములు మార్చినవారు మాకు అనేకులు తెలియును.

మోడెము తన అనుభవమును అంకెలలో చెప్పును. చాల మోడెములలో బ్రౌజరున 192.168.1.1 అని కొట్టినచో ఆ పట్టిక కనబడును. అందులో రెండంకెలు ముఖ్యము. మొదటిది క్షీణత. ఎక్స్ఛేంజి నుండి బయలుదేరిన సంకేతము మన ఇంటికి చేరునప్పటికి ఎంత నీరసించినదో ఇది చెప్పును. తీగ మందమును బట్టి మారినను, కిలోమీటరునకు సుమారు 14 డెసిబెల్ అని స్థూలముగా చెప్పుకొనవచ్చును. 20 ఉన్న ఇల్లు అదృష్టవంతమైనది. 60 దాటిన ఇంటికి గొప్ప వేగము ఆశింపరాదు. రెండవది మిగులు. రొద ఇంకెంత పెరిగినను సంకేతము తట్టుకొనగలదో ఇది చెప్పును. 6 డెసిబెల్ మిగులు అనగా రొద సుమారు 4 రెట్లు పెరుగువరకు భయము లేదని అర్థము. అంతకు తగ్గినచో కనెక్షను ఎప్పుడు తెగునో చెప్పలేము. క్షీణత దూరమును బట్టి ఉండునది కనుక దినదినము మారరాదు. అది మారుచున్నచో తీగలో ఏదియో కదలుచున్నదని అనుమానింపవలెను.

రొద ఎచ్చట నుండి వచ్చును? రెండు తీగలను ఒకదానితో ఒకటి పెనవేసినచో బయటి రొద రెంటి మీదను సమముగా పడి తనంత తాను రద్దగునని గ్రహించి, 1881లో గ్రాహమ్ బెల్ పేటెంటు పొందెను. భూగర్భ కేబులులో ఆ మెలిక కలదు. మనము బజారున కొని గోడ వెంబడి లాగుకొను బల్లపరుపు తీగలో లేదు. అది ఏరియలు వలె పనిచేయును. మధ్యతరంగ రేడియో ప్రసారములు 526 నుండి 1606 కిలోహెర్ట్జ్ వరకు ఉండును. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రముగా శ్రోతలకు పరిచితమైన 738 కిలోహెర్ట్జ్ సరిగా మన పాయల నడుమనే పడును. ప్రొద్దుక్రుంకిన తరువాత అయనమండలము ఈ తరంగములను దూరప్రాంతములకు త్రిప్పిపంపును కనుక, పగలు బాగుగ నున్న మిగులు రాత్రి రెండు మూడు డెసిబెల్ పడిపోవుట కలదు. కావున టెలిఫోను తీగను పొడిగింపరాదు. మోడెమును తీగ ఇంటిలో ప్రవేశించు చోటనే ఉంచి, అచ్చటి నుండి కంప్యూటరు వరకు మెలికలు గల నెట్‌వర్కు కేబులును లాగవలెను. చవుక చార్జర్లు, ఇన్వర్టర్లు కూడ రొద చేయును. పాత ట్రాన్సిస్టరును ఏ స్టేషనును లేనిచోట నిలిపి ఇల్లంతయు త్రిప్పినచో దొంగ ఎచ్చట నున్నాడో గరగర శబ్దము చెప్పివేయును.

ఇక కర్నూలు ఇంటి సంగతి. 2014 వర్షాకాలమున మా విద్యార్థిని యొకతె ఉపకారవేతనపు దరఖాస్తును ఆన్‌లైనులో నింపుచుండగా, చివరి మెట్టున కనెక్షను తెగుట మూడు మారులు జరిగినది. గడువునకు రెండు వారములు మిగిలియుండెను. ఫోను మ్రోగినపుడెల్ల నెట్ పోవుచున్నదని ఆమె మాతో చెప్పెను. ఆ ఇంటి దాదీకి ఆదోనిలో ఒక చెల్లెలు కలదు. ఇద్దరును వితంతువులు. ప్రతిదినము మగ్రిబ్ నమాజు పిమ్మట చెల్లెలు ఫోను చేయుట, ముప్పావుగంట మాటాడుకొనుట వారి అలవాటు. ఫోను మ్రోగుట, నెట్ పోవుట కండ్లయెదుట జరుగుచున్నది కనుక ఇంటి యజమాని తల్లిని బ్రతిమాలి, దరఖాస్తు ముగియువరకు ఆ సంభాషణలు మాన్పించెను. పిన్నమ్మకు కూడ చెప్పి పెట్టెను. దాదీ మారుపలుకలేదట.

మేము మొదట చెప్పిన సలహా మోడెము మార్చుమని. 1,600 రూపాయలు ఖర్చయినవి; ఫలము శూన్యము. పిమ్మట ఫిల్టరును అనుమానించితిమి. మాటను, సమాచారమును వేరుచేయు ఆ చిన్న డబ్బీ చెడినచో ఫోను మ్రోగునపుడు కనెక్షను తెగుట సహజమే. ఏలయన ఫోను ఊరకున్నపుడు తీగపై సుమారు 48 వోల్టుల ఏకముఖ పీడనము మాత్రముండును. గంట మ్రోగించుటకు ఎక్స్ఛేంజి దాని మీద సుమారు 75 వోల్టుల ఏకాంతర పీడనమును పంపును. (ఆ సమయమున విప్పిన తీగ కొనలను పట్టుకొనినవారికి చక్కని గుణపాఠము కలుగును, ఉరుములు మెరుపులు ఉన్నపుడు అసలు ముట్టరాదు.) క్రొత్త ఫిల్టరు పెట్టించితిమి. మరియొక ఫోను తగిలించితిమి. ఇంటిలోపలి తీగలన్నిటిని విడదీసి, తీగ ప్రవేశించు మొదటి పెట్టె వద్దనే మోడెమును కలిపి చూచితిమి. గంట మ్రోగగనే దీపము పోయినది. మోడెము, ఫిల్టరు, ఫోను, లోపలి తీగ అన్నియు మారినను దోషము మారలేదు. అనగా అది గడప బయట నున్నది.

ఫిర్యాదు చేయగా లైన్‌మన్ వచ్చెను. తన చేతి ఫోనును తీగకు తగిలించి విని, "డయల్ టోన్ వస్తాంది గదా భాయ్, లైన్ బాగానే ఉంది" అని చెప్పి పోయెను. రెండవ మారు వచ్చియు అదే మాట. ఇంటివారికి అతడు అబద్ధమాడుచున్నాడని తోచినది. మాకును అట్లే తోచినది.

అప్పుడు మేము మొదటనే చేయవలసిన పనిని చేసితిమి. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయించి, తెగిన వేళ, అప్పటి మిగులు, ఆ సమయమున ఇంటిలో జరుగుచున్నది వ్రాయుమని ఆ అమ్మాయికి చెప్పితిమి. ఒక నియమము పెట్టితిమి: ఇంటి అలవాట్లు దేనిని మార్చరాదు, దాదీ సంభాషణను కూడ మరల సాగనీయవలెను. ఆరు దినముల తరువాత ఆమె పుస్తకము తెచ్చి కొంచెము జంకుతూ, "సార్, దాదీ మాట్లాడేటప్పుడు ఒక్కసారీ తెగలేదు. నేనే తప్పు రాసినానేమో" అనెను.

తప్పు వ్రాయలేదు. గంట మ్రోగినపుడు తెగినది. రిసీవరు ఎత్తి మాట మొదలైన కొలదిసేపటికి దీపము తిరిగి వెలిగి, మాట ముగియువరకు చెదరలేదు. మిగులు ఆ ముప్పావుగంట 11 డెసిబెల్. ఫోను పెట్టిన పిమ్మట క్రమముగా 5, 4. వాన వెలిసిన ఉదయములలో మరియు అధ్వాన్నము.

దీని కారణము రాగి మీద ఏర్పడు ఆక్సైడు పొర. రెండు తీగలను చేతితో మెలివేసి టేపు చుట్టిన అతుకులో తేమ చేరినచో ఆ పొర పెరుగును. అది మంచి వాహకము కాదు. వెనుకటి తరమున ఏకాంతర ప్రవాహమును ఏకముఖముగా మార్చు పరికరములను రాగి ఆక్సైడుతోనే చేసిరి. ఫోను పెట్టియుండగా తీగలో ఏకముఖ ప్రవాహము దాదాపు ఉండదు. పొర నిరాటంకముగా నిలుచును. రిసీవరు ఎత్తగనే సుమారు 20 నుండి 40 మిల్లీఆంపియర్ల ప్రవాహము అతుకు గుండ పోయి పొరను ఛేదించును. అతుకు తాత్కాలికముగా బాగుపడును. గంట వోల్టేజి మాత్రము దానిని అటునిటు కుదిపి, నిరోధమును హఠాత్తుగా మార్చి హమాలీలను కూలద్రోయును.

కావున దాదీ మాటాడిన ముప్పావుగంటయే ఆ ఇంటిలో దరఖాస్తు నింపుటకు తగిన వేళ. దానినే మాన్పించిరి. లైన్‌మన్ కూడ అబద్ధమాడలేదు. అతని చేతి ఫోనును తగిలించి ఎత్తగనే ప్రవాహము కలిగి, అతుకు బాగుపడుచున్నది. వైద్యుడు నాడి పట్టినంతసేపు మాత్రము జ్వరము దిగుచున్నట్లు, పరీక్షయే దోషమును దాచుచున్నది.

ఈ సంగతిని నోటుబుక్కుతో సహా అతనికి చూపితిమి. అతడు పుటలు త్రిప్పి, కొంతసేపు ఊరకుండి, "ఇట్లయితే అతుకే సార్" అని నిచ్చెన తెప్పించెను. పిట్టగోడ క్రింద, వేపకొమ్మ రాచుకొను చోట, నల్లటేపు విప్పగా లోపల పచ్చని చిలుము. ఆ భాగమును కత్తిరించి, జెల్ నింపిన కనెక్టరుతో తీగలను కలిపెను. పావుగంట పని. మోడెమును ఒకసారి ఆర్పి వెలిగించుమని మేము చెప్పితిమి. పాత దుర్బల స్థితికి తగినట్లు ఎత్తిన మూటలను మేస్త్రీ క్రొత్తగా పంచవలెను గదా. మిగులు 12 డెసిబెల్ వద్ద నిలిచినది. ఫోను చేయించి గంట మ్రోగించితిమి, దీపము కదలలేదు.

దరఖాస్తు ఆ రాత్రియే చేరినది. కుమారుడు తల్లి వద్దకు పోయి తప్పు తమదేనని చెప్పగా ఆమె, "తీగకేం తెలుసు బేటా, మీరు అడిగింటే నేను ముందే మాట్లాడతా ఉంటి" అన్నదట. ఆ నోటుబుక్కులో మిగిలిన పుటలలో ఆ అమ్మాయి తరువాత భౌతికశాస్త్రపు రికార్డు చిత్తుప్రతి వ్రాసికొనినది.