వేట రైఫిల్‌కు ఎన్ని అంగుళాల బ్యారెల్ కావాలి?

టెక్సస్‌లో దుప్పుల సాధారణ వేట సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఆఫీసులో పక్క సీటాయన ఈసారి మీరూ రండి అన్నాడు, మీరు సరేనన్నారు. తుపాకుల దుకాణానికి వెళ్తే ఒకే మోడల్ రైఫిల్ 18 అంగుళాల బ్యారెల్‌తో ఒకటి, 22 అంగుళాలతో ఒకటి వరసగా నిలబెట్టి ఉంటాయి. పొడుగుదైతే దెబ్బ గట్టిగా తగులుతుందని ఒకరంటారు, పొట్టిదైతే చేతికి హాయి అని మరొకరంటారు. రెండూ సగం నిజాలే.

ఏడాదికి కొన్ని వారాంతాలే చేతిలో ఉన్న ఉద్యోగి సాధారణంగా కొనేది ఒక్కటే రైఫిల్. అందుకని అంగుళాల సంగతి చివర్లో పెట్టుకోండి. ఎక్కడ కూర్చుని కొడతారు, ఎంత దూరం కొడతారు, ఏ తూటా వాడతారు? ఈ మూడూ తేలితే బ్యారెల్ పొడవు దానంతటదే తేలిపోతుంది.

ముందు కాగితాలు

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేటకు ఇప్పుడు అనుమతి లేదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకునే విషయం కాదిది. అమెరికాలో వీసా మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. హెచ్1బీ వంటి నాన్‌-ఇమ్మిగ్రెంట్ వీసాదారులు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు దొరుకుతుంది. లైసెన్సు గడువు తీరితే దాని ఆధారంగా వచ్చిన మినహాయింపూ పోతుంది. టెక్సస్‌లో ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, రైఫిల్ మాత్రం బీరువాలోనే ఉంటుంది. కొనకముందే లాయరుతో ఒకసారి మాట్లాడటం మంచిది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

బ్యారెల్ విషయంలో చట్టం గీసిన గీత ఒకటుంది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం 16 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌కు ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి మామూలు వేటగాడి ఎంపిక 16 దగ్గర మొదలై 26 దగ్గర ఆగుతుంది.

అంగుళం తగ్గితే ఏం పోతుంది?

తూటాలోని మందు మండి వాయువై గుండును వెనకనుంచి తోస్తుంది. బ్యారెల్ ఎంత పొడుగైతే ఆ తోపు అంతసేపు పనిచేస్తుంది. అయితే గుండు ముందుకు సాగేకొద్దీ వెనక ఒత్తిడి పడిపోతుంది కాబట్టి చివరి అంగుళాలు ఇచ్చే లాభం తక్కువ. .308 వించెస్టర్ వంటి మధ్యరకం తూటాలో ఒక్కో అంగుళానికి సెకనుకు 20 నుంచి 25 అడుగుల వేగం మాత్రమే పోతుంది. మందు బాగా దట్టించిన మాగ్నమ్ తూటాల్లో ఇంతకన్నా ఎక్కువే పోతుంది.

తూటాల పెట్టె మీద వేసే వేగం సాధారణంగా 24 అంగుళాల పరీక్ష బ్యారెల్‌తో కొలిచింది. పెట్టె మీద 2,820 అడుగులని ఉంటే మీ 18 అంగుళాల రైఫిల్‌లో అది 2,680 దగ్గర ఉంటుంది. దీనివల్ల వేట పాడవుతుందా? 100 గజాలకు గురి కుదిర్చిన రైఫిల్‌తో 200 గజాల్లో కొడితే, ఈ రెంటి మధ్య గుండు దిగే తేడా అంగుళం కూడా ఉండదు. 300 గజాలకు రెండంగుళాల చుట్టూ ఉంటుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 8 అంగుళాల వెడల్పు. మంచె మీదనుంచి 150 గజాల లోపల కొట్టేవాడికి ఆ ఆరు అంగుళాల బ్యారెల్ లేకపోయినా లోటేమీ లేదు.

దూరం పెరిగితే లెక్క మారుతుంది. వేట గుండ్లలో చాలావాటికి మాంసంలో విచ్చుకోవడానికి సెకనుకు సుమారు 1,800 అడుగుల వేగం ఉండాలి. గుండు విచ్చుకోకపోతే జంతువు గాయంతో పారిపోతుంది. వయోమింగ్, మోంటానా మైదానాల్లో 350, 400 గజాల మీద కొట్టే ఉద్దేశం ఉంటే ప్రతి అంగుళమూ విలువైనదే.

తూటాను బట్టి పొడవు

.30-30 వించెస్టర్ లీవర్ రైఫిల్స్‌కు 20 అంగుళాలు ఎన్నో ఏళ్లుగా అలవాటైన కొలత. దట్టమైన చెట్ల మధ్య ఇంతకు మించి అక్కర్లేదు. .308 వించెస్టర్‌కు 18 నుంచి 22 అంగుళాలు చాలు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌కు దూరపు గురి కోసం 22, 24 బాగుంటాయి, దగ్గరి వేటకు 20తో సరిపోతుంది. .270 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాల్లో మందు ఎక్కువ, వాటికి 22కు తగ్గించవద్దు.

.300 వించెస్టర్ మాగ్నమ్, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ కొనేవాళ్లు 24 నుంచి 26 తీసుకోవాలి. మాగ్నమ్ కొని 20 అంగుళాల బ్యారెల్ పెట్టుకుంటే ఏ అదనపు వేగం కోసం డబ్బు పోశారో అందులో పెద్ద వాటా గాలిలో మంటగా, చప్పుడుగా పోతుంది. తన్నుడు మాత్రం భుజానికి పూర్తిగా మిగులుతుంది. పొట్టి రైఫిలే ఇష్టమైతే తూటాను చిన్నది చేసుకోండి.

చెవులు, సైలెన్సరు, మంచె

పొట్టి బ్యారెల్‌కు కట్టాల్సిన అసలు వెల చప్పుడు. వేట రైఫిల్ పేలితే మోత 160 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. 140 దాటిన పేలుడు ఒక్కసారితోనే వినికిడిని దెబ్బతీయగలదు. బ్యారెల్ తగ్గేకొద్దీ మూతి ముఖానికి దగ్గరవుతుంది, మోత ఇంకా పెరుగుతుంది. చెవి రక్షణ లేకుండా ఏ రైఫిల్‌నూ పేల్చకూడదు. మూతికి బ్రేక్ బిగిస్తే తన్నుడు తగ్గుతుంది కానీ చప్పుడు పక్కలకు, వెనక్కు మళ్లుతుంది.

ఈ చప్పుడు తగ్గించడానికి సైలెన్సరు పెట్టాలనుకునేవాళ్లకు పొట్టి బ్యారెల్ నచ్చేది మొత్తం పొడవు అదుపులో ఉంటుందని. 22 అంగుళాల బ్యారెల్ ఉన్న బోల్ట్ రైఫిల్ మొత్తం పొడవు 42 అంగుళాల చుట్టూ ఉంటుంది. దానికి ఏడంగుళాల సైలెన్సరు చేరిస్తే 49 అవుతుంది. 18 అంగుళాలతో మొదలుపెడితే 45లో ఆగుతుంది. సైలెన్సరుకూ ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, కొన్ని రాష్ట్రాలు అసలు ఒప్పుకోవు.

నాలుగు వైపులా మూసిన మంచెలో పొట్టి రైఫిల్ తిప్పడం తేలిక, నిజమే. కానీ కాల్చేటప్పుడు మూతి కిటికీ బయట ఉండాలి. లోపలే ఉండిపోతే మోత గోడలకు కొట్టి మీ చెవుల్లోకే వస్తుంది. మీరు కూర్చునే మంచెలో కుర్చీకీ కిటికీకీ మధ్య ఎంత దూరమో టేపుతో కొలుచుకుని వెళ్లండి.

పొడుగుంటే గురి కుదురుతుందా?

కుదరదు. బ్యారెల్ పొడవు వేగాన్ని మారుస్తుంది కానీ గురిని కాదు. పైగా ఒకే మందంలో పొట్టి బ్యారెల్ ఎక్కువ బిర్రుగా ఉంటుంది, తక్కువ వణుకుతుంది. కంటిచూపుతో గురి చూసే పాత రైఫిల్స్‌లో రెండు గుర్తుల మధ్య ఎడం పెరగడం వల్ల పొడుగు బ్యారెల్ మేలనిపించేది. టెలిస్కోపు బిగించిన రైఫిల్‌లో ఆ లాభం లేదు. పొడుగుకు మిగిలే సుగుణం ఒకటుంది: మూతి దగ్గర బరువు ఉండటంతో నిలబడి కాల్చేటప్పుడు తుపాకీ నిలకడగా ఉంటుంది. అదే బరువు కొండెక్కేటప్పుడు భుజానికి భారం.

దుకాణంలో చేయాల్సినవి

వేటకు వేసుకునే మందపాటి జాకెట్‌తోనే వెళ్లండి. ఖాళీ రైఫిల్‌ను, తూటా గది ఖాళీ అని మీరే చూసుకున్నాక, దుకాణదారు చూపిన సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి భుజానికి పదిసార్లు ఎత్తండి. మూతి ముందుకు వాలుతోందా, తేలిపోతోందా చేతులకే తెలుస్తుంది.

పాతది కొంటుంటే చీటీ మీది అంకెను నమ్మవద్దు. బోల్ట్ మూసి, మూతిలోంచి శుభ్రం చేసే కడ్డీని బోల్ట్ తగిలేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి కొలవాలి. మరతో బిగించిన, ఊడదీయగలిగే బ్రేక్ ఈ కొలతలోకి రాదు. ఎవరైనా కోయించి పొట్టి చేసిన బ్యారెల్ అయితే 16కు తగ్గలేదని రూఢి చేసుకోండి. మూతి అంచును నిపుణుడు సరిగ్గా తీర్చాడో లేదో కూడా చూడండి, ఆ అంచు చెడితే గురి చెడుతుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే .308 లేదా 6.5 క్రీడ్‌మూర్‌లో 20 నుంచి 22 అంగుళాలది తీసుకోండి. టెక్సస్ మంచెకూ సరిపోతుంది, ఎప్పుడో ఒకసారి పడమటి మైదానాలకు వెళ్లినా 300 గజాల దాకా నమ్ముకోవచ్చు. మాగ్నమ్ కొనకుండా మిగిలిన డబ్బును రెండు పెట్టెల తూటాల మీద పెట్టి, సీజనుకు ముందే మీ బ్యారెల్ అసలు వేగాన్ని క్రోనోగ్రాఫ్ మీద కొలిపించుకోండి. మీరు ఎంత దూరం దాటి కాల్చకూడదో చెప్పేది ఆ అంకె, దాంతోపాటు రేంజిలో మీరు చేసిన సాధన.