మాంద్యానికి అడ్డుకట్ట: ఆటోమేటిక్ స్టెబిలైజర్లు

ప్రభుత్వం కొత్తగా ఏ నిర్ణయమూ తీసుకోకపోయినా, ఆర్థిక ఒడుదొడుకులను వాటంతట అవే తగ్గించే కోశ విధాన ఏర్పాట్లను ఆటోమేటిక్ స్టెబిలైజర్లు అంటారు.

• పురోగామి ఆదాయపు పన్ను: మాంద్యంలో ఆదాయం తగ్గే దానికంటే ఎక్కువ నిష్పత్తిలో పన్ను తగ్గుతుంది.

• నిరుద్యోగ బీమా: ఉపాధి కోల్పోయినవారికి భృతి అందడంతో వినియోగం, సమష్టి డిమాండ్ మరీ పడిపోవు.

• అమెరికా: మహామాంద్యం నేపథ్యంలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న, నిరుద్యోగ బీమాకు చోటిచ్చిన సామాజిక భద్రతా చట్టంపై సంతకం చేశారు.

• నోబెల్ బహుమతులు: అభిలషణీయ ఆదాయపు పన్నుపై పరిశోధించిన జేమ్స్ మిర్లీస్‌కు 1996లో (విలియం విక్రీతో కలిసి), నిరుద్యోగంపై వెలుగు ప్రసరించిన అన్వేషణ సిద్ధాంతానికి 2010లో డైమండ్, మార్టెన్‌సెన్, పిస్సారిడెస్‌లకు.

• భారత్: ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం 1948లో వచ్చింది. ఈఎస్‌ఐ బీమాదారులకు నిరుద్యోగ భృతినిచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో మొదలైంది.