ఎక్కువ వచ్చిన సొమ్ము: పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఎదురయ్యే ఒక మోసం గురించి



ఈ సంచికకు మీకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ఆవనిలో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి. ముప్పై ఆరు ఫొటోల రీలు కాలం నుంచి కరిజ్మా ఆల్బం కాలం దాకా రామలింగేశ్వరుని గుడిలో జరిగిన పెళ్లిళ్లు, శివరాత్రి రోజుల రథోత్సవాలు, పశువుల జాతర, సీతమ్మ కొండెక్కే కొత్త జంటలు, ఇవన్నీ తీశాను. కనుక నాకు తెలిసిన వృత్తిలోని సంగతే రాస్తాను. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసేటప్పుడు మీలో కొందరు సెలవుల్లో కెమెరా పట్టుకొని, మరికొందరు మెహందీ పెట్టి, ట్యూషన్లు చెప్పి ఫీజుకు డబ్బు కూడబెట్టుకుంటున్నారని గమనించాను. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మా తమ్ముడి కొడుకు ముళబాగిలులో బి.కాం. చదువుతూ, కంతుల మీద కెమెరా కొని పెళ్లిళ్లు తీసేవాడు. ఒకసారి మాఘమాసపు ముహూర్తాలకు ముందు అతనికి ఒక ఫోను వచ్చింది. అవతలి మనిషి హిందీలో మాట్లాడాడు. తాను సైన్యంలో ఉన్నానని, జమ్మూలో డ్యూటీ అని, చెల్లెలి పెళ్లి ఆవని గుడిలో అని చెప్పాడు. రెండు రోజుల పని, 38 వేల రేటు. బేరం ఆడలేదు. అడ్వాన్సు 8 వేలు వెంటనే పంపుతానన్నాడు. నమ్మకానికి యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు బొమ్మ వాట్సాప్‌లో పంపాడు. సైన్యం వాళ్ల ఖాతాకు వేరే పద్ధతి ఉందని, ముందు నువ్వు పది రూపాయలు వేస్తే మా ఆఫీసు ఇరవై వేస్తుందని అన్నాడు. వీడు పది వేశాడు, ఇరవై వచ్చాయి. దాంతో నమ్మకం కుదిరింది.

మరునాడు వీడి ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. ఖాతాలో 80,000 రూపాయలు జమ అయినట్టు అందులో ఉంది. ఆ వెంటనే ఫోను. గుమాస్తా ఒక సున్నా ఎక్కువ కొట్టాడని, వంటవాళ్లకు ఇవ్వవలసిన డబ్బు కూడా అందులోనే వచ్చేసిందని, సాయంత్రంలోగా 72 వేలు తిరిగి పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పని గొంతు వణికిస్తూ చెప్పాడు. అప్పటికి వీడి ఖాతాలో ఉన్నది 31,400. అందులో 12 వేలు స్కాలర్‌షిప్, మిగతాది కెమెరా కంతుకు, పరీక్ష ఫీజుకు దాచుకున్నది. వీడు జాలిపడి మొదట 25 వేలు పంపి, మిగిలిన 47 వేల కోసం నా దగ్గరికి వచ్చాడు.

"పెదనాయనా, సాయంత్రానికి సర్దు. రేపు డ్రా చేసి ఇచ్చేస్తా" అన్నాడు.

"నీ ఖాతాలో 80 వేలు పడింటే నన్నెందుకురా అడుగుతుండావు?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత యాప్ తెరిచి నిల్వ చూశాడు. 6,400.

ఇక్కడ ఆగి లెక్క వేయండి. 31,400కు 80,000 కలిస్తే 1,11,400. అందులోంచి 25,000 పోతే 86,400 ఉండాలి. ఉన్నది 6,400. అంటే వచ్చినవి ఎనభై వేలు కావు, ఎనభై వేలు వచ్చాయన్న మాట మాత్రమే. ఆ మెసేజి బ్యాంకు నుంచి రాలేదు. బ్యాంకు మెసేజికి పంపినవారి స్థానంలో అక్షరాలతో కూడిన పేరు ఉంటుంది. వీడికి వచ్చినది మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచి. కామర్సు చదివే కుర్రవాడికి ఈ కూడిక రాదా అని మీరనవచ్చు. వస్తుంది. అవతలివాడు ఐదు నిమిషాలకొకసారి ఫోను చేస్తుంటే కూడిక వేసే తీరిక దొరకదు. ఆ తొందర మోసంలో భాగమే.

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. కారణం చెబుతాను. అప్పటివరకు ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని సంగతి.

2003లో కె.జి.ఎఫ్. వైపు ఒక పెళ్లి తీశాను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి, కుటుంబాలు క్వార్టర్స్ ఖాళీ చేసి ఎటెటో వెళ్లిపోతున్న రోజులు. నాకు రావలసిన బాకీ 9 వేలు. ఆల్బం తీసుకోవడానికి వచ్చిన పెళ్లివారి మనిషి 12 వేలకు చెక్కు రాసి, "మీ 9 వేలు పట్టుకొని 3 వేలు నగదు ఇవ్వండి, బస్సు ఖర్చులకు కావాలి" అన్నాడు. ఇచ్చాను. ఆల్బమూ ఇచ్చాను. తొమ్మిది రోజుల తర్వాత చెక్కు, ఖాతాలో చాలినంత సొమ్ము లేదన్న చీటీతో తిరిగి వచ్చింది. చెల్లని చెక్కుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షను ఉంది. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందుకున్నవాడికి చెల్లించడానికి 15 రోజుల గడువు, అప్పటికీ చెల్లించకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నోటీసు పంపాను. ఇల్లు ఖాళీ అని తిరిగి వచ్చింది. అతడు కావాలని చేశాడో, పూట గడవక చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ లెక్క మాత్రం ఒకటే. ఇవ్వవలసినదానికంటే ఎక్కువ ఇచ్చినట్టు చూపి, తేడాను నగదుగా పట్టుకుపోవడం.

ఈ ఉపాయం అమెరికాలో ఇంకా బలంగా సాగింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని గురించి ప్రజలను ఎన్నోసార్లు హెచ్చరించింది. అక్కడి ఫొటోగ్రాఫర్లకు వచ్చే ఉత్తరం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. పెళ్లి ఫలానా తేదీన, రేటు ఎంతైనా ఫర్వాలేదు, నేను ఆసుపత్రిలో ఉన్నాను లేదా నాకు వినికిడి లోపం ఉంది కనుక ఫోనులో మాట్లాడలేను, రాతలోనే మాట్లాడుకుందాం. ఫీజు 2 వేల డాలర్లు అనుకోండి. చెక్కు 4,800కు వస్తుంది. పెళ్లి ఏర్పాట్లు చూసే మనిషి చెక్కులు తీసుకోడు కాబట్టి 2,500 అతనికి పంపండి, మీ శ్రమకు 300 ఉంచుకోండి అంటారు. ఆ 300 ఎర. ఏర్పాట్లు చూసే మనిషీ వాడే.

చదువుకున్నవారు కూడా ఇందులో ఎందుకు పడతారంటే, కారణం అక్కడి బ్యాంకు పద్ధతిలో ఉంది. చెక్కు సొమ్మును ఖాతాదారు వాడుకోవడానికి త్వరగా అందుబాటులో ఉంచాలని 1987లో అక్కడ చట్టం చేశారు. అందువల్ల ఒకటి రెండు పనిదినాల్లోనే ఖాతాలో సొమ్ము కనిపిస్తుంది. చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. తేలిన రోజున బ్యాంకు 4,800నూ వెనక్కి తీసుకుంటుంది. ఫొటోగ్రాఫరు తన చేత్తో పంపిన 2,500 మాత్రం తిరిగి రాదు. బ్యాంకు వేసే రుసుము, ఆ తేదీకి వదులుకున్న మరో పెళ్లి అదనపు నష్టం. కనిపించిన సొమ్ముకు, నిజంగా చేతికందిన సొమ్ముకు మధ్య ఉన్న ఆ ఖాళీలోనే మోసగాడి వ్యాపారమంతా.

మన దేశంలో మామూలుగా చెక్కు చెల్లిన తర్వాతే బ్యాంకు జమ చేస్తుంది. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులను పగలంతా ఎప్పటికప్పుడు స్కాన్ చేసి పంపే పద్ధతి వచ్చింది. చెల్లేదీ చెల్లనిదీ ఆ సాయంత్రం 7 గంటలలోగా తేల్చాలని నియమం పెట్టారు. నా 2003 చెక్కుకు పట్టిన తొమ్మిది రోజులు ఇప్పుడు పట్టవు. కాబట్టి మన దగ్గర మోసగాళ్లు చెక్కును వదిలి ఫోనును పట్టుకున్నారు. 2016లో యు.పి.ఐ. వచ్చాక వేషం మారింది. సైనికుడి పేరుతో ఫోను చేయడం అందులో బాగా పాతబడిన వేషం. పాత సామాను అమ్మేవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు, వంటవారు, ఫొటోగ్రాఫర్లు అందరూ దీనిలో పడ్డారు. సైనికుడంటే మనకు గౌరవం, ఎదురు ప్రశ్న వేయడానికి మనసొప్పదు. ఆ గౌరవాన్నే వాళ్లు పెట్టుబడి చేసుకున్నారు.

యు.పి.ఐ. గురించి మీరు తప్పక గుర్తుంచుకోవలసినది ఒకటుంది. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు. కోడు స్కాన్ చేయనక్కరలేదు. పిన్ అడిగితే అది మన ఖాతాలోంచి పోయే డబ్బే. అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి అని అన్నవాడు అడ్వాన్సు పంపడం లేదు, తీసుకుంటున్నాడు. ఒక వ్యక్తి మరో వ్యక్తికి డబ్బు కోరుతూ పంపే అభ్యర్థనల వల్ల మోసాలు పెరగడంతో, 2025 అక్టోబరు 1 నుంచి వాటిని ఆపివేయాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ బ్యాంకులకు, యాప్‌లకు చెప్పింది. కోడు చూపించి చేసే మోసం మాత్రం దానితో ఆగలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ రాని డబ్బు సంగతులు. నిజంగానే ఎక్కువ డబ్బు వచ్చి పడితే? ఇది ఇంకా చిక్కు. ఎక్కడో ఒకరిని మోసం చేసి దోచిన సొమ్మును మీ ఖాతాకు పంపి, పొరపాటున వచ్చింది, ఈ మరో నంబరుకు తిరిగి వేయండి అంటారు. మీరు నిజాయితీగా వేస్తారు. అసలు పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు నడిచిన దారి వెంట వస్తారు. ఆ దారిలో మీ ఖాతా కూడా ఉంటుంది కనుక అది స్తంభించిపోతుంది. స్కాలర్‌షిప్ వచ్చేదీ, హాస్టలు ఫీజు కట్టేదీ అదే ఖాతా అయితే మీ అవస్థ ఊహించుకోండి. ఇలా వచ్చినప్పుడు ఆ సొమ్మును ముట్టుకోకూడదు, ఎవరికీ మీరుగా పంపకూడదు. మీ బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా తెలిపి, వచ్చిన ఖాతాకే వెనక్కి మళ్లించమని అడిగి, ఆ కాగితం నకలు మీ దగ్గర పెట్టుకోవాలి. కమీషన్ ఇస్తాము, నీ ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు అని కాలేజీ పిల్లల వెంట తిరిగేవారు కూడా ఉన్నారు. వారికి ఏటీఎం కార్డు ఇచ్చినవాడు బాధితుడు కాడు, కేసులో ముద్దాయి అవుతాడు.

ఇక మా అబ్బాయి సంగతికి వస్తాను. నిల్వ చూసిన వెంటనే 1930కి ఫోను చేయించాను. ఇది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు. పంపిన లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, అవతలి యు.పి.ఐ. చిరునామా చెప్పాలి. ఇవి చేతిలో పెట్టుకొని ఫోను చేస్తే పని త్వరగా అవుతుంది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంటుంది కాబట్టి గంటలు కాదు, నిమిషాలు లెక్క. తర్వాత సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు నింపి, కోలారులోని సి.ఇ.ఎన్. స్టేషనుకు వెళ్లాము. సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద, ఇంకొకరిగా నటించి కంప్యూటరు, ఫోను ద్వారా మోసం చేస్తే మూడేళ్ల దాకా శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

బ్యాంకు నష్టపరిహారం ఇవ్వదా అని వాడు అడిగాడు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక వేరెక్కడో జరిగి ఉండి, మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుపై భారం పడదు. కానీ రహస్య సంఖ్యలు తానే ఇవ్వడం వంటి ఖాతాదారు అజాగ్రత్త ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం అతనిదే. మా వాడు పిన్ తన వేలితోనే కొట్టాడు. బ్యాంకు మేనేజరు ఇదే మాట మర్యాదగా చెప్పారు.

నలభై నిమిషాల్లో ఫోను చేసినందువల్ల పంపిన 25 వేలలో 11,500 రెండో ఖాతాలో ఆగింది. ఆ ఆగిన సొమ్ము కోర్టు ఉత్తర్వు తెచ్చుకొని చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మిగతా 13,500 ఏదో దూరపు ఏటీఎంలో తీసేసుకున్నారు, అది రాలేదు.

ఇప్పుడు మా వాడు ఆర్డరు పుస్తకం పెట్టాడు. పెళ్లివారి ఇంటికి వెళ్లి, కనీసం ఛత్రం వాళ్లతో మాట్లాడి, ముహూర్తం నిజమని తెలుసుకున్నాకే తేదీ రాసుకుంటాడు. గుడిలో పెళ్లి అంటే గుడి దగ్గరే విచారిస్తాడు. ఆరోజు ఆ పని చేసి ఉంటే, సైనికుడు చెప్పిన తేదీకి అక్కడ ఏ పెళ్లీ లేదని పది నిమిషాల్లో తెలిసేది. అడ్వాన్సు వచ్చిందన్న మాట మెసేజిని చూసి కాక, యాప్‌లో నిల్వ చూసుకున్నాకే ఒప్పుకుంటాడు. ఎక్కువ తీసుకొని చిల్లర తిరిగి ఇవ్వడం మా ఇద్దరి పద్దుల్లోనూ లేదు.

పరీక్ష ఫీజు ఆఖరి తేదీకి రెండు రోజుల ముందు నేనే కట్టాను. అప్పుగా ఉంచుకోనన్నాడు. నా పాత నెగెటివ్‌లన్నీ వేసవి సెలవుల్లో స్కాన్ చేసి ఆ బాకీ తీర్చాడు. వాటిలో 2003 నాటి కె.జి.ఎఫ్. పెళ్లి కూడా ఉంది. ఎవరిదని అడిగితే, అప్పుడు వాడికి మొదటిసారి ఆ చెక్కు సంగతి చెప్పాను.