అత్తయ్యకు చోటు వెతుకుతున్నాను



మా మేనత్తకు 78 ఏళ్లు. తెనాలిలో హైస్కూల్ టీచరుగా చేసి రిటైరైంది. పిల్లల్లేరు, మావయ్య పోయారు. అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను పెంచింది ఆవిడే. సంక్రాంతి వెళ్లాక బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక వాకర్‌తో నడుస్తోంది. ఈమధ్య మాత్ర వేసుకుందో లేదో గుర్తుండటం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిందని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు.

హైదరాబాద్‌లో మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. అందుకే వృద్ధులను చూసుకునే కేంద్రాలు రెండు చూశాను. ఒకటి మా ఊరి అంచున, పెద్ద హోటల్లా ఉంది, డిపాజిట్ లక్షల్లో. ఇంకోటి గుంటూరు దగ్గర, సాదాగా ఉంది, ఆవిడ పెన్షన్‌తో సరిపోతుంది. “ఆశ్రమంలో పడేస్తావా?” అంటున్నారు మా అన్నయ్యలు. మేం ఉంచుకుంటామని మాత్రం ఒక్కరూ అనరు. అత్తయ్యేమో “ఇల్లు నీ పేర రాసేస్తానే, నన్నెక్కడికీ పంపకు” అంటోంది. దేన్ని చూసి ఎంచుకోవాలి?

— ఓ మేనకోడలు, హైదరాబాద్

అమ్మా,

మీ అత్తయ్య అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. తనను చూసుకోవాలంటే ఇల్లు ఇచ్చుకోవాలని ఆవిడ అనుకుంటున్నారు. ముందు ఆ భయం తీర్చండి. “ఇల్లు నీదే, నీ పేరనే ఉంటుంది, ఎక్కడున్నా నీ మనిషిని నేనే” అని ఎదురుగా కూర్చుని చెప్పండి. ఇప్పుడు గిఫ్ట్ డీడ్ రాయించుకోవద్దు. రిజిస్టరైన గిఫ్ట్‌ను వెనక్కి తీసుకోవడం కష్టం, వీలునామా అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. కానీ ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉండటం క్షేమం. పిల్లల్లేని వృద్ధుల ఆస్తి దక్కబోయే బంధువులకు, స్తోమత ఉంటే, వారిని పోషించే బాధ్యత ఉందని కూడా ఆ చట్టమే చెబుతోంది. మీ అన్నయ్యలకు ఆ ఆస్తి వచ్చేదైతే, వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. వాళ్ల గురించి ఇంతకంటే చెప్పను.

కేంద్రం సంగతికి ముందు డాక్టరు. మతిమరుపు అనగానే డిమెన్షియా అనుకోకండి. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులుతో ఉన్నా, కొన్ని మందులు పడకపోయినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్లకు మతి తప్పినట్టుంటుంది. వీటిలో చాలావాటికి మందుంది. పరీక్షలయ్యాకే ఆవిడకు ఎలాంటి చోటు కావాలో తేలుతుంది. తమ పనులు తాము చేసుకోగలవారికి మాత్రమే గది, భోజనం ఇచ్చేవి కొన్ని. స్నానం, మందులు, నడక అన్నిటికీ మనిషి సాయం ఉండేవి కొన్ని. మంచాన పడినవారిని నర్సులతో చూసేవి ఇంకొన్ని. బయటి బోర్డు చూస్తే ఈ తేడా తెలియదు. “మా అత్తయ్య మంచాన పడితే ఇక్కడే ఉంచుతారా, తీసుకెళ్లమంటారా?” అని సూటిగా అడిగి, జవాబు ఒప్పందంలో రాయించండి. మొదట అడగాల్సింది ఇదే. తుంటి విరిగిన మనిషిని ఏడాదికో చోటు మార్చడం ఎంత హింసో నేను చూశాను.

మీరు చూసినవి పగటి పూట చూసి ఉంటారు. మళ్లీ వెళ్లండి, చెప్పకుండా, రాత్రి భోజనాల వేళ. మతిమరుపు ఉన్నవారిలో కొందరికి సాయంత్రమయ్యేసరికి గాభరా, తికమక పెరుగుతాయి. రాత్రి బాత్రూంకు లేచినప్పుడు పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. రాత్రి ఎంతమందికి ఎందరు ఆయాలు, నర్సు ఉందా, పక్కనే పడుకుంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా? మంచం పక్క బెల్లు మీరే నొక్కి, మనిషి ఎంతసేపటికి వచ్చిందో చూడండి. బాత్రూంలో పట్టుకునే కడ్డీలు ఉన్నాయా, గడప ఉందా, వాకర్ లోపలికి పడుతుందా చూడండి. మార్బుల్ నేల ఫొటోల్లో బాగుంటుంది, తడి కాళ్లతో మీ అత్తయ్యకు మాత్రం గండమే.

డబ్బు దగ్గర మొహమాటపడకండి. నెల ఫీజులో డైపర్లు, ఫిజియోథెరపీ, ప్రత్యేక ఆయా, అంబులెన్స్ ఉన్నాయో లేదో, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కాగితం మీద ఉండాలి. 70 దాటినవారికి కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్య రక్షణ ఇస్తోంది. పెన్షనర్ల వైద్య పథకంలో ఇప్పటికే ఉంటే ఏది మేలో కనుక్కోండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే ఇలాంటి విషయాల్లో దారి చెబుతారు.

రెండింట్లో ఏదంటే, పై ప్రశ్నలకు నిలబడితే నేను మీ ఊరిదే అంటాను. అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్తే సంతకం పెట్టాల్సింది మీరే. గుంటూరు నుంచి ఫోనొస్తే ఎప్పటికి చేరతారు? కానీ అంత డిపాజిట్‌కు అప్పు చేయాల్సి వస్తే వద్దు. హైదరాబాద్‌లోనే సాదా చోటు ఇంకోటి వెతకండి. హైదరాబాద్ వస్తే తెనాలి స్నేహితులు, పాత విద్యార్థులు దూరమవుతారన్నది నిజమైన నష్టమే. వాళ్ల నంబర్లు పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వండి, పండగలకు తెనాలి తీసుకెళ్లండి.

ఆఖరి మాట ఆవిడదే కావాలి. ఆవిడను వెంట తీసుకెళ్లి చూపించండి, అక్కడి పెద్దవాళ్లతో కలిసి భోంచేయనివ్వండి, మీరు కాసేపు బయట కూర్చోండి. ఒప్పుకుంటే డిపాజిట్ కట్టకుండా ముందు నెల రోజులు ఉంచమని అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఆ నెలలో తెనాలి ఇల్లు అద్దెకివ్వకండి, తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంచండి. నచ్చలేదంటే, పగలూ రాత్రీ ఉండే మనిషిని పెట్టి తెనాలిలోనే చూసుకునే దారి వెతుకుదాం. అప్పుడు మళ్లీ రాయండి.